ముందు శ్రుతి, ఆ తర్వాతే కీర్తనల లెక్క

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో కర్ణాటక సంగీతం సర్టిఫికెట్, డిప్లొమా పాఠ్య ప్రణాళికలు తయారుచేసే సంఘాల సభ్యులకు, ప్రయోగ పరీక్షలు నిర్వహించే అధికారులకు,

నమస్కారం.

గాత్రం నేర్పే అధ్యాపకులం కొందరం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. మొదటి రెండేళ్ల పరీక్షల్లో ఎన్ని గీతాలు వచ్చు, ఎన్ని కీర్తనలు వచ్చు అని లెక్కపెట్టడం తగ్గించమని మా విన్నపం. పిల్ల తన శ్రుతిలో (తన గొంతుకు తగిన ఆధార స్వరంలో) నిలబడుతోందా, ఒకే తాళంలో మూడు కాలాలూ (ఒక వేగం, దాని రెట్టింపు, నాలుగింతలు) పాడుతోందా, కొత్తగా విన్నదాన్ని విన్నట్టు తిరిగి అనగలుగుతోందా, ఈ మూడూ చూడండి. పరీక్షలో ఏది అడిగితే తరగతిలో అదే సాగుతుంది. కీర్తనల సంఖ్య అడుగుతున్నాం కాబట్టి సరళీ వరుసలు, అంటే తొలి స్వర పాఠాలు, రెండు నెలల్లో ముగిసిపోతున్నాయి. అక్కడ పడ్డ లోటు డిప్లొమా దాకా పూడటం లేదు.

సంగీతాన్ని గురువుగారి ఇంటి నుంచి తరగతి గదిలోకి తెచ్చినవాళ్లలో మనం ముందువరసలో ఉన్నాం. విజయనగరంలో సంగీత కళాశాల 1919లో మొదలైంది. చిదంబరంలో రాజా అన్నామలై సంగీత కళాశాల 1929లో, మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి ఉపాధ్యాయ శిక్షణ కళాశాల 1931లో వచ్చాయి. విజయనగరం కళాశాలకు తొలి అధ్యక్షులు (ప్రిన్సిపాల్) ఆదిభట్ల నారాయణదాసు గారు. వయొలిన్ నేర్పడానికి అదే ఏడు చేరిన ద్వారం వెంకటస్వామినాయుడు గారు తర్వాత ఆ పదవి చేపట్టారు. పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర ఘంటసాల నేర్చుకున్నదీ ఆ ఊళ్లోనే. కృష్ణాతీరంలో ఇంకో దారి నడిచింది. త్యాగరాజస్వామి శిష్యులు మానాంబుచావడి వెంకటసుబ్బయ్య గారు, వారి శిష్యులు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి గారు, వారి శిష్యులు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు, వారి శిష్యులు మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు. ఈ వరుసలో విద్య నోటి నుంచి చెవికి చేరింది. కళాశాల వచ్చాక గంట కొట్టడం, హాజరు పట్టీ, పరీక్ష, పుస్తకం వచ్చాయి. వాటి వల్లే కులంతో, ఇంటి పేరుతో పనిలేకుండా వేలమందికి సంగీతం అందింది. ఆ మేలును మేం తక్కువ చేయడం లేదు. చెవికి దక్కాల్సిన సమయం మాత్రం ఈ ఏర్పాటులో ఏటేటా కుదించుకుపోయింది.

అన్నిటికన్నా ముందు శ్రుతి సంగతి. చాలా తరగతుల్లో శ్రుతి పెట్టె అధ్యాపకుల గొంతుకు తగ్గట్టు పెట్టి ఉంటుంది. మగ అధ్యాపకులైతే ఒకటి, ఒకటిన్నర (హార్మోనియం మెట్ల లెక్క, సంఖ్య పెరిగితే శ్రుతి హెచ్చు). పదేళ్లలోపు పిల్లలకు, ఆడైనా మగైనా, ఐదు నుంచి ఆరు మధ్య హాయిగా ఉంటుంది. ఒకటో శ్రుతిలో వాళ్లు కింది స్థాయిలో పాడితే మంద్రం (కింది స్వరాలు) గాలిగా, మాట వినపడకుండా పోతుంది. పైస్థాయిలో పాడితే తార షడ్జం (పై ‘స’) దాటగానే అరుపు మొదలవుతుంది. హెచ్చుస్థాయి వరుసల దగ్గర చాలామంది గొంతులు బిగుసుకుపోవడానికి ముఖ్య కారణం ఇదే. అక్కడ తప్పు పిల్లలది కాదు, పెట్టెది.

శ్రుతి నిర్ణయించడానికి ఐదు నిమిషాలు చాలు. పిల్లను మామూలుగా ఒక స్వరం పాడమని, అక్కడి నుంచి మెట్టుమెట్టుగా కిందికి దించాలి. గాలి కలవకుండా, వణకకుండా పలికే అట్టడుగు స్వరాన్ని మంద్ర పంచమం (కింది ‘ప’) అనుకుని షడ్జం పెట్టాలి. ఆ షడ్జంతో తార గాంధారం (పై ‘గ’) వరకు పాడించి చూడాలి. గడ్డం పైకి లేచినా, మెడనరాలు తేలినా అర శ్రుతి తగ్గించాలి. ముప్ఫై మంది ఉన్న తరగతిలో ఇలా చూస్తే సాధారణంగా రెండు మూడు గుంపులు తేలుతాయి. ఒక్కో గుంపును ఒక్కో శ్రుతిలో కూర్చోబెట్టడం కుదిరే పనే. ఆరు నెలలకోసారి మళ్లీ చూడాలి.

మగపిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. 12 నుంచి 15 ఏళ్ల మధ్య గొంతు మారుతుంది, దాదాపు ఒక స్థాయి కిందికి దిగుతుంది. ఆ మార్పు కొందరిలో కొన్ని నెలల్లో, కొందరిలో ఏడాదికి పైగా సాగుతుంది. ఆ కాలంలో పాత శ్రుతిలోనే పాడమని పట్టుపడితే గొంతు బొంగురుపోతుంది, కుర్రవాడు సంగీతమే మానేస్తాడు. సర్టిఫికెట్ పరీక్షలు సరిగ్గా ఈ వయసులోనే వచ్చి పడతాయి. కాబట్టి గొంతు మారుతున్న విద్యార్థికి గాత్ర పరీక్షను ఏడాది వాయిదా వేసుకునే వీలు, ఆ ఏడాది తాళం, శాస్త్రం, స్వరజ్ఞానం పరీక్షలు మాత్రం రాసే వీలు నిబంధనల్లో పెట్టమని కోరుతున్నాం. రోజూ పది నిమిషాలు మధ్యస్థాయిలో మెల్లగా పాడుకుంటే, మిగతా సమయం వీణ మీదో వయొలిన్ మీదో గడిపితే చదువు ఆగదు.

ఇక సరళీ వరుసలు. పురందరదాసు పేరుతో నిలిచిన అభ్యాస క్రమం, అంటే మాయామాళవగౌళలో సరళీ, జంట, అలంకారాలు, మలహరిలో పిళ్లారి గీతాలు, ఇన్ని వందల ఏళ్లు నిలబడడానికి కారణం ఆ రాగపు కట్టడిలోనే ఉంది. షడ్జం పక్కనే శుద్ధ రిషభం, ఆ తర్వాత పెద్ద దూరం దాటి అంతర గాంధారం, దాని పక్కనే మధ్యమం. పంచమం నుంచి పైషడ్జం దాకా మళ్లీ అదే అమరిక. పూర్వాంగంలో (స నుంచి మ దాకా) చెవికి పట్టింది ఉత్తరాంగంలో (ప నుంచి పై స దాకా) పనికొస్తుంది. తప్పు జరిగితే వెంటనే తెలుస్తుంది కూడా. పిల్లల రిషభం చతుశ్రుతి (శుద్ధం కన్నా హెచ్చు రిషభం) వైపు జారుతుంది, ఎందుకంటే గాంధారం దూరంగా ఉందని గొంతు ముందే ఎగబాకుతుంది. అవరోహణలో ధైవతం కూడా అలాగే హెచ్చుతుంది. మొత్తం వరుసను వందసార్లు పాడించినా ఇది సరికాదు. ‘స రి స’ అని ఆగాలి, వెంటనే ‘ప ద ప’ అని ఆగాలి, రెండూ ఒకేలా వినపడేదాకా మార్చి మార్చి అనిపించాలి. పద్నాలుగు వరుసలు చెప్పేశాం అనుకోవడం కన్నా, ఈ రెండు ముక్కలు నిక్కచ్చిగా పలికించడం వల్ల లాభం ఎక్కువ.

మూడు కాలాల సంగతి ఇంకా దయనీయంగా ఉంది. మొదటి సరళీ వరుసలో ఆరోహణ, అవరోహణ కలిపి 16 స్వరాలు. ఎనిమిది అక్షరాల (లెక్కల) ఆదితాళంలో మొదటి కాలంలో అది రెండు ఆవర్తాలు (తాళపు చుట్లు), రెండో కాలంలో ఒకటి, మూడో కాలంలో సగం. అంటే మూడో కాలంలో రెండుసార్లు పాడితే గానీ ఆవర్తం నిండదు. ఇది తెలియని పిల్ల ఒకసారి పాడి ఆపేస్తుంది, తాళం లఘువు (ఆదితాళంలో మొదటి సగం) చివర వేలాడుతూ ఉంటుంది. ఇంతకన్నా పెద్ద తప్పు, కాలం పెంచమంటే తాళాన్నే వేగంగా వేయడం. చేతి వేగం మారితే అది రెండో కాలం కాదు, తొందరగా పాడిన మొదటి కాలం. తొలి వేగాన్ని ఎక్కువగా పెట్టుకోవడం దీనికి దారితీస్తుంది. నిమిషానికి 80 అక్షరాలతో మొదలుపెడితే మూడో కాలంలో నిమిషానికి 320 స్వరాలు పలకాలి, పదేళ్ల నాలుక దానికి తిరగదు. 45 నుంచి 50 మధ్య మొదలుపెడితే మూడో కాలం 180, 200 దగ్గర ఉంటుంది, ప్రతి స్వరం పేరూ విడిగా వినపడుతుంది. మెట్రోనోమ్ ఇప్పుడు ప్రతి ఫోన్లోనూ ఉంది. వారానికోసారి దానితో సరిచూసుకోమనండి. రోజూ దానితోనే పాడనివ్వకండి, లయ చేతిలో కుదరాలి.

స్వరాలతో పాడిన ప్రతి వరుసనూ అకారంలోనూ పాడించాలి. స్వరం పేరు పలకడం ఒక ఊతం. ‘గ’ అంటున్నాం కాబట్టి గాంధారమే పాడుతున్నాం అన్న భ్రమ కలుగుతుంది. పేరు తీసేసి ‘ఆ’ అంటే శ్రుతి ఎక్కడ జారుతోందో బయటపడుతుంది. నోరు సగం మూసి ‘అం’ అని ముక్కుతో పాడే అలవాటు మొదటి నెలలోనే మాన్పించాలి. వర్ణం (కీర్తనలకు ముందు నేర్పే పెద్ద రచన) దాకా వచ్చాక అది మానదు.

జంట స్వరాలను ‘సా రీ గా మా’ అని సాగదీసి పాడే తరగతులు చాలా ఉన్నాయి. అలా పాడితే జంట వరుసలు నేర్పిన ప్రయోజనమే పోతుంది. ఆరోహణలో ‘రి రి’ అన్నప్పుడు రెండో రిషభం కింది షడ్జాన్ని లిప్తకాలం తాకి, ఊనికతో లేవాలి. అదే స్ఫురితం. విద్యార్థి జీవితంలో మొదటి గమకం (స్వరానికి ఇచ్చే కదలిక) ఇదే. మొదటి కాలంలో మెల్లగా, ఆ తాకు వినపడేటట్టు చూపించి, రెండో కాలంలో గట్టిపరిచి, మూడో కాలంలో దానంతట అది వచ్చేదాకా ఆగాలి. ఇది పట్టుబడని పిల్లకు వర్ణంలో పట్టు దొరకదు, స్వరాలు బల్లపరుపుగా ఉండిపోతాయి.

సప్త తాళ అలంకారాలను మాయామాళవగౌళ అయ్యాక శంకరాభరణంలో, హరికాంభోజిలో పాడించడం మంచిదే. తోడిలో, ఖరహరప్రియలో ఆ దశలో వద్దని మా అభిప్రాయం. ఆ రాగాల్లో గాంధారం ఒకచోట నిలబడదు, రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగుతుంది. దాన్ని కర్రలా నిలబెట్టి ఆరు నెలలు సాధన చేయించాక, కీర్తన దగ్గరకొచ్చి ‘ఇప్పుడు ఊపు’ అంటే గొంతు వినదు. ఈ విషయంలో మాతో ఏకీభవించని పెద్దలున్నారు, వారి వాదన వినడానికి మేం సిద్ధం.

ఇదే చిక్కు పుస్తకంలోనూ ఉంది. పాఠ్యపుస్తకంలో ‘గ’ అని అచ్చువేస్తే శంకరాభరణమైనా ఖరహరప్రియైనా కంటికి ఒకటే. గమకం రాయడానికి వీల్లేక ఇలా వదిలేశారని అనుకోవడానికి లేదు. సుబ్బరామ దీక్షితులు గారు 1904లో ఎట్టయపురం నుంచి వెలువరించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ తెలుగు లిపిలోనే అచ్చయింది. కంపితానికి (స్వరాన్ని ఊపడానికి) అలగీత, జారుకు (స్వరం నుంచి స్వరానికి జారడానికి) వాలుగీత, స్ఫురితానికీ నొక్కుకూ వేరువేరు గుర్తులు, అన్నీ స్వరాక్షరాల మీద అమర్చి వేశారు. సీసం అచ్చులతో ఆనాడు చేయగలిగిన పని ఇవాళ కంప్యూటరుతో చేయలేమా? తర్వాతి కాలంలో కర్నూలు వైద్య కళాశాలలో ఆచార్యులుగా పనిచేసిన శ్రీపాద పినాకపాణి గారు ‘సంగీత సౌరభం’ సంపుటాల్లో కృతులను అనుస్వరాలతో (స్వరాన్ని అంటిపెట్టుకునే సూక్ష్మ స్వరాలతో) సహా విడమరిచి రాశారు. తిరుమల తిరుపతి దేవస్థానం వాటిని ప్రచురించింది. అంత వివరం మొదటి ఏళ్ల పిల్లలకు అక్కర్లేదు, భారమవుతుంది. కంపితం, స్ఫురితం, జారు, నొక్కు, ఈ నాలుగు గుర్తులు చాలు. మొదటి పది వర్ణాలకు అవి వేసి అచ్చువేయండి.

అదే పేజీలో ఇంకో చిన్న మార్పు కూడా అడుగుతున్నాం. సాహిత్యాన్ని తాళం గడుల్లో అక్షరం అక్షరంగా విడగొట్టి, మధ్యలో చుక్కలు పెట్టి ముద్రిస్తున్నారు. మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో పిల్లకు తెలియదు. మాట నడుమ ఊపిరి తీసుకుంటుంది, ఒక మాట తోకను తర్వాతి మాట తలకు అతికిస్తుంది. భైరవి అట తాళ వర్ణం ‘విరిబోణి’ని కట్టిన పచ్చిమిరియం ఆదిఅప్పయ్య గారు గానీ, మోహన వర్ణం ‘నిన్నుకోరి’ని కట్టిన రామనాథపురం శ్రీనివాస అయ్యంగారు గానీ తమిళదేశంలో ఉండి తెలుగులో రాశారు. తమిళ పిల్లలు ఆ మాటలను కష్టపడి నేర్చుకుంటారు. మన పిల్లలకు సొంత భాషలో ఉన్నది అర్థం కాకుండా పోవడం చాలా బాధగా ఉంది. స్వరపరచిన పేజీకి ముందు సాహిత్యం మొత్తం మామూలు వాక్యాలుగా, పదచ్ఛేదంతో, రెండు మూడు పంక్తుల తాత్పర్యంతో ఇవ్వాలి. ఊపిరి తీసుకోదగ్గ చోట ఒక చిన్న గీత పెట్టాలి. ఒక్కో రచనకు అరపేజీ పెరుగుతుంది, అంతే.

కీబోర్డు గురించి కూడా చెప్పాలి. తంబురా, వీణ మరమ్మతులు కష్టమని చాలా పాఠశాలల్లో కీబోర్డు కొంటున్నారు, దానితోనే శ్రుతి, స్వరం అందిస్తున్నారు. షడ్జం 200 హెర్ట్జ్ అనుకుంటే తంబురా నాదంలోంచి సహజంగా పుట్టే అంతర గాంధారం 250 దగ్గర పడుతుంది. కీబోర్డు గాంధారం 252. రెండు హెర్ట్జులే కదా అనిపించవచ్చు, తార స్థాయిలో అది నాలుగవుతుంది, తంబురాతో కలిపి వింటే నాదం కొట్టుకుంటుంది. ఆ గాంధారానికి అలవాటుపడ్డ చెవి తంబురాలో వినిపించే స్వయంభూ గాంధారాన్ని గుర్తించదు. ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు జారడం కూడా మామూలు కీబోర్డు మీటలతో రాదు. మొదటి రెండేళ్లు గాత్రం తరగతిలో స్వరం అందించడానికి కీబోర్డు వాడొద్దని మార్గదర్శకాల్లో రాయండి. ఎలక్ట్రానిక్ తంబురా చాలు, అదీ పంచమం సరిగా పలుకుతోందో లేదో నెలకోసారి చూసుకోవాలి.

విదేశాల్లో ఉన్న తెలుగు పిల్లలు చాలామంది ఇప్పుడు వీడియో పాఠాలతోనే నేర్చుకుంటున్నారు. మీరు ఈ పద్ధతికి ప్రత్యేకంగా సూచనలు ఇవ్వాలి. తంబురా మోతను వీడియో యాప్ అనవసరపు చప్పుడుగా లెక్కగట్టి అణిచేస్తుంది, సాగదీసిన స్వరాన్ని కూడా మధ్యలో తుంచుతుంది. చప్పుడు తగ్గించే అమరికను రెండువైపులా ఆపేయాలి. తంబురా విద్యార్థి గదిలో, వేరే పరికరం మీద మోగాలి. శబ్దం అటూ ఇటూ చేరడానికి పట్టే జాప్యం పావు సెకను ఉన్నా, నిమిషానికి 60 అక్షరాల తాళంలో అది మూడో కాలపు ఒక స్వరం. అందుకని ఇద్దరూ కలిసి పాడటం, కలిసి తాళం వేయడం కుదరదు. గురువు పాడి ఆగాలి, విద్యార్థి తన తాళంతో తిరిగి అనాలి. జాప్యం పెద్దగా మారకుండా ఉన్నంతసేపు విద్యార్థి లయ నిలకడగా ఉందో లేదో అవతలినుంచి తెలుస్తుంది. విజయవాడ ఆకాశవాణి ‘సంగీత శిక్షణ’లో ఓలేటి వెంకటేశ్వర్లు గారు రేడియో ద్వారా పాఠం చెప్పినప్పుడు వినేవాళ్లకు చెవి ఒక్కటే ఆధారం. ఒక పంక్తి, దాన్ని మళ్లీ, తర్వాతి పంక్తి. వీడియో పాఠాలకు కూడా తెరమీద స్వరలిపి చూపించి చదివించడం కన్నా అదే నయం.

ఇక పరీక్ష. మేం ప్రతిపాదించేది ఒక్కో విద్యార్థికి ఇరవై నిమిషాలు. లోపలికి రాగానే తన శ్రుతి తానే పెట్టుకోవాలి, పెట్టె ఎవరూ ముట్టుకోకూడదు. పరీక్షకులు కోరిన ఒక సరళీ వరుస, ఒక జంట వరుస, ఏడింటిలో ఒక అలంకారం, మూడు కాలాల్లో, ముందు స్వరంతో, తర్వాత అకారంతో పాడాలి. ఝంప, అట తాళాలనే ఎక్కువగా అడగండి. 7, 1, 2 లెక్కతో మిశ్రజాతి ఝంప వేస్తూ అనుద్రుతం (మధ్యలోని ఆ ఒక్క దెబ్బ) దగ్గర తడబడని చెయ్యి ఆదితాళంలో ఎప్పుడూ తడబడదు. తర్వాత పరీక్షకులు తెలిసిన రాగంలో రెండు ఆవర్తాల కొత్త సంచారం (స్వరాల వరుస) మూడుసార్లు పాడితే విద్యార్థి దాన్ని తిరిగి అనాలి, స్వరాలు చెప్పాలి. చివర రెండు రచనలు. పల్లవితో మొదలుపెట్టించి అనుపల్లవి దగ్గర ఆపేయడం ఇప్పుడు మామూలైపోయింది, అందుకే చాలామందికి చరణం ఎత్తుగడ తాళంలో ఎక్కడ పడుతుందో తెలియదు. చరణం నుంచే మొదలుపెట్టమనండి. వంద మార్కుల్లో శ్రుతికి 25, లయకు 25, విని తిరిగి అనడానికి 20, రచనలకు 30 ఇస్తే సరిపోతుంది. గొంతు మాధుర్యానికి విడిగా మార్కులు వద్దు.

ఇదంతా జరగాలంటే తరగతిలో పిల్లలు తగ్గాలి. 45 నిమిషాల పీరియడ్లో ముప్ఫై మంది ఉంటే ఒక్కొక్కరినీ ఒక్క నిమిషం విడిగా పాడించేసరికి ముప్ఫై నిమిషాలు అయిపోతాయి. అందుకే ఎవరూ విడిగా పాడించరు, గుంపులో తప్పు వినపడదు, ఆ తప్పే గట్టిపడుతుంది. పన్నెండు మందైతే ఒక్కొక్కరికి రెండు నిమిషాలిచ్చినా కొత్త పాఠానికి ఇరవై నిమిషాలు మిగులుతాయి. అధ్యాపకుల కొరత మాకు తెలుసు. పోస్టులు నింపేలోగా, ముప్ఫై మంది తరగతిని రెండుగా చేసి, ఒక సగం గురువు దగ్గర పాడుతుండగా రెండో సగం డిప్లొమా విద్యార్థి పర్యవేక్షణలో తాళ సాధన చేసేటట్టు కాలపట్టిక వేయవచ్చు. డిప్లొమావారికి అది బోధనాభ్యాసం అవుతుంది, దానికి అంతర్గత మార్కులు కేటాయించండి.

వచ్చే విద్యా సంవత్సరానికి ప్రణాళిక మార్చడం కష్టమైతే రెండు పనులు వెంటనే చేయండి. మొదటి ఏడాది పరీక్షలో విద్యార్థి తన శ్రుతి తానే పెట్టుకోవాలన్న నిబంధన, గొంతు మారే పిల్లలకు వాయిదా సౌకర్యం. రెంటికీ ఖర్చు లేదు. నాలుగు గమకాల గుర్తులతో, పదచ్ఛేదంతో ఒక వర్ణాన్ని నమూనాగా సిద్ధం చేసి ఇవ్వడానికి, దాన్ని మీ సంఘం ముందు పాడి చూపించడానికి మేం సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
రెండు రాష్ట్రాల గాత్ర సంగీత అధ్యాపకులు కొందరు